కార్ట్ ఇంజనుకు ఆర్‌ఎక్స్ కార్బొరేటర్ వేస్తే మారేది ఏమిటి?

పాతకాలపు 100 సీసీ గో కార్ట్ ఇంజను ఒకటి ఎవరి చేతికైనా వచ్చిందంటే మొదట మొరాయించేది గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటరే. మిగతా ఇంజనంతా ఇనుము, అల్యూమినియమే కదా, బోరు చేయించుకోవచ్చు, బేరింగులు మార్చుకోవచ్చు, ఆయిల్ సీలు కొలత పట్టుకుని నాలుగు అంగళ్లు తిరిగితే ఏదో ఒకటి దొరుకుతుంది. కార్బొరేటర్ లోపలుండే పల్చటి రబ్బరు పొరలు మాత్రం అనంతపురంలో అడిగితే అంగడివాడు మన మొహం వంక చూస్తాడు. అప్పుడు అందరికీ తట్టే ఆలోచన ఒకటే, యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు కార్బొరేటర్ వేసేద్దాం అని. 1985లో వచ్చి 1996 దాకా తయారైన ఆ బండిని సీమలో ఏ ఊరికి పోయినా ఇప్పటికీ ఎవరో ఒకరు నడుపుతూనే ఉంటారు, దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కూ ఉంటాడు. అదీ 98 సీసీ, ఇదీ ఇంచుమించు అంతే, రెండూ టూ స్ట్రోకే, ఇంకేం కావాలి అనిపిస్తుంది.

వేయొచ్చు. స్టార్ట్ కూడా అవుతుంది. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది, ఎందుకంటే ఈ పనిలో మారేది ఒక సామాను మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇంజనుకు పెట్రోలు అందే పద్ధతే మారుతుంది. కార్బొరేటర్ గాలి దారి సైజు ఎంత, 20 మిల్లీమీటర్లా 24 మిల్లీమీటర్లా అన్న ప్రశ్న మీద అందరూ గంటలు గంటలు వాదించుకుంటారు గానీ పిస్టన్ పట్టేసేది, అంటే వేడికి సిలిండర్‌లో ఇరుక్కుపోయేది, సైజు వల్ల చాలా అరుదు. పాత కార్బొరేటర్ తీసేశాక తెరుచుకుపోయిన చిన్న రంధ్రం వల్లో, పెట్రోలు పంపు లేకపోవడం వల్లో, ఎక్కడో బెంగళూరులో సెట్ చేసిన జెట్టుతో (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) కడపలో చలికాలం పొద్దున్నే ఫుల్ రేస్ ఇవ్వడం వల్లో పట్టేస్తుంది.

ముందు ఆ పాత కార్బొరేటర్ అలా ఎందుకుందో తెలుసుకుంటే సగం పని తేలికవుతుంది. మొదటి కార్ట్ 1956లో కాలిఫోర్నియాలో తయారైంది. ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసుకార్ల మెకానిక్, గడ్డి కోసే మిషన్ల కోసం తయారైన చిన్న టూ స్ట్రోక్ ఇంజనును గొట్టాల ఫ్రేముకు బిగించి నడిపాడు. మూడేళ్లలోనే, 1959లో, చెట్లు నరికే రంపాలు చేసే మెక్‌కలక్ కంపెనీ కార్ట్‌ల కోసమే ప్రత్యేకంగా ఎంసీ 10 ఇంజనును తెచ్చింది. రంపాన్ని మనిషి పక్కకు వంచి కోస్తాడు, తలకిందులుగా కూడా పట్టుకుంటాడు, కాబట్టి దానికి పెట్రోలు నిలవుండే తొట్టె ఉన్న కార్బొరేటర్ పనికిరాదు. టిల్లాట్సన్, వాల్‌బ్రో లాంటివాళ్లు రంపాల కోసం చేసిన డయాఫ్రం కార్బొరేటర్లే అలా కార్ట్‌లలోకి వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన యమహా కేటీ 100 మీద కూడా వాల్‌బ్రో డయాఫ్రం రకమే ఉంది.

డయాఫ్రం కార్బొరేటర్‌లో రెండు రబ్బరు పొరలుంటాయి. ఒకటి పంపు. పిస్టన్ పైకి కిందికి పోయినప్పుడు కింద క్రాంక్ కేసులో, అంటే ఇంజను కింది గదిలో, గాలి ఒత్తిడి పెరిగి తగ్గుతూ ఉంటుంది, ఆ కుదుపు ఒక సన్నటి దారిగుండా వచ్చి ఈ పొరను కొట్టుకునేలా చేస్తుంది, పొర పెట్రోలును పైకి లాగుతుంది. రెండో పొర ఎంత పెట్రోలు లోపలికి రావాలో చూసుకుంటుంది: ఇంజను లాగినకొద్దీ పొర లోపలికి వంగి, చిన్న మీటను నొక్కి, సూదిని లేపుతుంది. తొట్టె లేదు, అందులో తేలే బుడగ లేదు. కార్ట్‌లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు కాళ్ల మధ్య, దాదాపు నేలకు ఆనుకుని, కార్బొరేటర్ కన్నా కిందనే ఉంటుంది. బండికి సస్పెన్షన్ ఉండదు, ప్రతి గుంతా నేరుగా ఇంజనుకే తగులుతుంది. మలుపుల్లో పెట్రోలంతా ఒక పక్కకు తోసుకుపోతుంది. ఈ మూడింటినీ ఆ చిన్న డబ్బా ఏ ఫిర్యాదూ లేకుండా భరించింది. పైగా దానిమీద ఎల్, హెచ్ అని రెండు స్క్రూలుంటాయి, ఒకటి తక్కువ స్పీడుకు, ఒకటి ఎక్కువ స్పీడుకు. పాతకాలం రేసర్లు నడుపుతూనే చెయ్యి వెనక్కి పెట్టి హెచ్ స్క్రూ తిప్పేవాళ్లు.

ఇంత మంచిదాన్ని తీసేయాలనుకోవడానికి బలమైన కారణమే ఉంది. ఆ పొరలు వయసైపోయి అట్టముక్కల్లా బిగుసుకుపోతాయి. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకోకుండా చేసిన పాత రబ్బరు అందులో ఉబ్బుతుంది, ఆరినప్పుడు పగుళ్లిస్తుంది. కొత్త కిట్టు తెప్పించుకోవచ్చు, ఇథనాల్‌ను తట్టుకునే పొరలతో కూడా వస్తున్నాయి. తెప్పించుకోగలిగితే అదే మేలు, ఇంకో మాట లేదు. ఇంజనును దాని అసలు రూపంలో ఉంచాలనుకునేవాళ్లకైతే వేరే ఆలోచనే అవసరం లేదు. అప్పుడప్పుడు కాలేజీ గ్రౌండులోనో సొంత స్థలంలోనో తిప్పుకోవడానికి, ఏది పోయినా ఊళ్లోనే దొరకాలి అనుకునేవాళ్లకే ఈ మార్పు. రోడ్డు మీద కార్ట్ నడపడానికి ఎలాగూ చట్టం ఒప్పుకోదు.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. కార్బొరేటర్ పాడైందని తీసేసే ఇంజన్లలో చాలావాటికి అసలు జబ్బు కార్బొరేటర్‌ది కాదు, క్రాంకు ఆయిల్ సీళ్లది. సీలు దగ్గర గాలి పీల్చుకుంటే స్లో నిలబడదు, రేస్ ఇచ్చి వదిలితే కిందికి దిగడానికి మొరాయిస్తుంది, వేడెక్కాక ఇంకా పెరుగుతుంది. అచ్చం కార్బొరేటర్ జబ్బులాగే కనిపిస్తుంది. కొత్త కార్బొరేటర్ వేసి, జెట్లు మార్చి మార్చి, చివరికి పిస్టన్ పట్టేశాక గానీ సంగతి బయటపడదు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద సామాన్లేమీ అక్కర్లేదు. సైలెన్సర్ దారినీ కార్బొరేటర్ దారినీ రబ్బరు షీటు, ప్లేటు పెట్టి మూసేసి, ప్లగ్గు బిగించి ఉంచి, ఒక చిన్న గొట్టంగుండా గాలి కొట్టాలి. మెడికల్ షాపులో దొరికే ముల్లు మీటరున్న బీపీ మిషను పంపు ఇక్కడ చక్కగా పనికొస్తుంది, అందులో 300 దాకా గాలి కొడితే దాదాపు 6 పీఎస్ఐ, టూ స్ట్రోక్ క్రాంక్ కేసు పరీక్షకు సరిగ్గా కావలసినంత. ముల్లు కొన్ని నిమిషాలు కదలకుండా నిలిస్తే సరే. దిగిపోతుంటే సీళ్ల దగ్గరా, ప్యాకింగుల దగ్గరా సబ్బు నీళ్లు పూసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసుకోవాలి. ఈ పరీక్ష నెగ్గని ఇంజనుకు ఏ కార్బొరేటర్ వేసినా డబ్బు దండగే.

ఇప్పుడు సైజు సంగతి. టూ స్ట్రోక్ ప్రతి చుట్టుకూ ఒకసారి గాలి తీసుకుంటుంది. ఆర్‌ఎక్స్ 100 తన 11 హార్స్ పవర్‌ను 7500 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. అంటే సిలిండర్ నిండుగా నిండుతుందనుకుంటే సెకనుకు 12 లీటర్ల పైచిలుకు గాలి. దాని మీదున్న 20 మిల్లీమీటర్ల మికుని కంపెనీ కార్బొరేటర్‌లో ఆ గాలి సగటున సెకనుకు 39 మీటర్ల వేగంతో పోతుంది. అదే కార్బొరేటర్‌ను 14 వేల ఆర్‌పీఎం తిరిగే కార్ట్ ఇంజనుకు వేస్తే సెకనుకు 23 లీటర్లు కావాలి, వేగం 73 మీటర్లకు చేరుతుంది. అక్కడ కార్బొరేటరే అడ్డుగోడ అవుతుంది, పై స్పీడు దగ్గర ఊపిరాడదు. 24 మిల్లీమీటర్లకు పోతే అదే గాలి సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతుంది, సుఖం.

అలాగని 28కో 30కో ఎగబాకితే ఇంకా బాగుంటుందనేదే చాలామంది పడే గుంట. కార్బొరేటర్ పెట్రోలును పీల్చేది గాలి వేగంతో పుట్టే లాగుడుతోనే, ఆ లాగుడు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 24 నుంచి 28కి పోతే రంధ్రం వైశాల్యం 36 శాతం పెరుగుతుంది, వేగం దాదాపు నాలుగో వంతు పడిపోతుంది, లాగుడు మాత్రం ఇంచుమించు సగానికి దిగిపోతుంది. పై స్పీడులో ఇంజను దాన్ని భరిస్తుంది. మలుపు తిరిగి మళ్లీ యాక్సిలేటర్ తొక్కినప్పుడు, ఇంజను 6 వేలో 7 వేలో తిరుగుతున్నప్పుడు, గాలి ఒక్కసారిగా లోపలికి దూకుతుంది గానీ పెట్రోలు వెనకబడుతుంది. బుస్సుమని ఆగిపోయినట్టై తర్వాత అందుకుంటుంది. క్లచ్చు లేకుండా నేరుగా యాక్సిలుకు చైను ఉన్న కార్ట్‌లో ఇది మరీ ఇబ్బంది, ఎందుకంటే మలుపులో ఇంజను చక్రాలతో పాటే కిందికి దిగిపోతుంది, గేరు మార్చి కాపాడుకునే వీలు లేదు. రేసుల్లో గెలవడం కాకుండా హాయిగా తిప్పుకోవడమే లెక్కయితే 22, 24 దాటి పోవలసిన పని లేదు. ఊరికే తిప్పి చూడటానికైతే ఆర్‌ఎక్స్ 20 కూడా చాలు, పైన కాస్త బిగబట్టినా కింద పికప్ బాగుంటుంది, పిస్టన్ కూడా నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది.

ఇక్కడే ఇంకో తేడా ఉంది, ఇది ఆర్‌ఎక్స్ మెకానిక్కులకు కూడా వెంటనే తట్టదు. ఆర్‌ఎక్స్‌లో కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య రీడ్ వాల్వు ఉంటుంది, లోపలికి పోయిన గాలి వెనక్కి రాకుండా ఆ రేకులు మూసుకుంటాయి. కేటీ 100 లాంటి పాత కార్ట్ ఇంజన్లలో చాలావాటికి రీడ్ లేదు, పిస్టనే దారి తెరిచి మూస్తుంది. తక్కువ స్పీడులో పిస్టన్ దారి మూసేలోపు కొంత గాలి వెనక్కి తన్నుకొస్తుంది. కార్బొరేటర్ ఏ దిక్కు గాలి అని చూడదు, లోపలికి పోయేటప్పుడు కొంత పెట్రోలు పోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఇంకొంత, మళ్లీ లోపలికి పోయేటప్పుడు మళ్లీ. అందుకే స్లోలో తడిసిముద్దై పొగలు కక్కుతుంది, పై స్పీడుకు పోగానే ఈ తన్ను ఆగిపోయి ఒక్కసారిగా పెట్రోలు చాలక వెలవెలబోతుంది. కాబట్టి ఆర్‌ఎక్స్‌లో సరిగ్గా నడిచిన జెట్లు ఇక్కడ కింద ఎక్కువవుతాయి, పైన తక్కువవుతాయి. కింద ఎక్కువైందని పై స్పీడుకు పెట్రోలిచ్చే మెయిన్ జెట్ తగ్గించేవాళ్లున్నారు, అదే కొంప ముంచుతుంది. తగ్గించాల్సింది తక్కువ స్పీడుకు పెట్రోలిచ్చే పైలట్ జెట్టును, లేదా గాలి దారిని తెరిచి మూసే స్లైడ్ కోత ఎక్కువున్నది వేయాలి.

బుల్లెట్‌దో, ఇంకేదో ఫోర్ స్ట్రోక్ బండిదో 24 కార్బొరేటర్ ఇంట్లో పడి ఉంది, అది వేయొచ్చా? వేయొచ్చు గానీ తలనొప్పి ఎక్కువ. ఫోర్ స్ట్రోక్ కార్బొరేటర్లలో సూది దిగే ఇత్తడి గొట్టానికి పక్కల వరసగా చిన్న గాలి రంధ్రాలుండటం మామూలు. టూ స్ట్రోక్ కోసం చేసినవాటిలో చాలాసార్లు ఆ వరస ఉండదు, బదులుగా పైన అంచుకు చిన్న గోడ లేచి ఉంటుంది. సగం యాక్సిలేటర్ దగ్గర పెట్రోలు ఎలా వస్తుందో నిర్ణయించేది ఈ గొట్టమూ, సూదీ కలిసే. మెయిన్ జెట్ ఎంత మార్చినా మధ్యలో మిస్సింగ్ పోవడం లేదంటే కారణం తరచూ ఇదే. టూ స్ట్రోక్ బండి నుంచి తీసిందే వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

పెట్రోలు అందించే సంగతి అన్నిటికన్నా ముఖ్యం. మికుని తొట్టెలోకి పెట్రోలు పైనుంచి దానంతట అదే దిగాలి, బండి మీదైతే ట్యాంకు పైనే ఉంటుంది. కార్ట్‌లో ట్యాంకు కింద. కాబట్టి క్రాంక్ కేసు కుదుపుతో నడిచే చిన్న పంపు ఒకటి విడిగా పెట్టాలి. ఇదేమీ కొత్త ఉపాయం కాదు, రోటాక్స్ మ్యాక్స్ కార్ట్‌లు ఇన్నేళ్లుగా తొట్టె ఉన్న డెల్లోర్టో కంపెనీ కార్బొరేటర్‌తో, విడి పంపుతోనే నడుస్తున్నాయి. పాత ఇంజనులో డయాఫ్రంకు కుదుపు అందించిన సన్నటి రంధ్రం సాధారణంగా కార్బొరేటర్ కూర్చునే ప్లేటు మీదే ఉంటుంది. కొత్త కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపే అడాప్టరులో ఆ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా దారి తీసి, ఒక చిన్న గొట్టం ముక్క బిగించి, అక్కడి నుంచి పంపుకు పైపు ఇవ్వాలి. లేదంటే దాన్ని పూర్తిగా మూసేయాలి. మూయకుండా వదిలేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు, ఇంజను అక్కడి నుంచి గాలి పీలుస్తుంది, మిశ్రమం పల్చబడుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు ఉండదు, ఫుల్ రేస్‌లో పిస్టన్ కరుస్తుంది. అడాప్టరు కొత్తగా చేయించినవాళ్లు మర్చిపోయేది ఈ రంధ్రాన్నే.

పంపు పెట్టాక ఇంకో చిక్కు వస్తుంది. బండి ట్యాంకు నుంచి దిగే పెట్రోలుకు ఒత్తిడి తక్కువ, అందుకని తొట్టె సూది కూర్చునే సీటు రంధ్రం కాస్త పెద్దదిగా పెడతారు. పంపు దానికన్నా గట్టిగా తోస్తుంది, సూది ఆపలేకపోతుంది, తొట్టె పొంగుతుంది, వెంటు పైపుగుండా పెట్రోలు సైలెన్సర్ పక్కనే కారుతుంది. నిప్పుకు ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. చిన్న రంధ్రం ఉన్న సీటూ సూదీ మార్చుకోవాలి, లేదా పంపు తర్వాత మూడు దారుల టీ జాయింటు ఒకటి పెట్టి ఎక్కువైన పెట్రోలు ట్యాంకుకు తిరిగి పోయేలా పైపు వేయాలి. రెండోది చవక, పనికూడా బాగా చేస్తుంది.

వణుకు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇంజనుకు కార్బొరేటర్‌ను అల్యూమినియం అడాప్టరుతో నేరుగా బిగిస్తే తొట్టెలో పెట్రోలు నురగలు కడుతుంది, నురగ జెట్టుగుండా పోతే సగం గాలే. సస్పెన్షన్ లేని బండిలో, 14 వేలు తిరిగే ఇంజను మీద ఇది ఊహ కాదు, తప్పకుండా జరుగుతుంది. ఆర్‌ఎక్స్ కార్బొరేటర్ రబ్బరు జాయింటు మీద ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రబ్బరునే వాడుకోవాలి. లేత్ మీద చేయించే అడాప్టరు ఒక వైపు పాత కార్బొరేటర్ బోల్టులకు సరిపోయే చదును ప్లేటుగా, ఇంకో వైపు ఆర్‌ఎక్స్ రబ్బరు కూర్చునేలా ఉంటే చాలు. లోపలి దారి 24 నుంచి ఇంజను దారి కొలతకు మెల్లగా మారాలి, మెట్టు ఉండకూడదు, మెట్టు దగ్గర పెట్రోలు బొట్లు బొట్లుగా పేరుకుని స్లోలో తడబడుతుంది. ప్లేటుకూ ఇంజనుకూ మధ్య వేడిని ఆపే హైలం షీటు ముక్క ఒకటి పెడితే వేడి తొట్టె దాకా రాదు. మే నెల అనంతపురం ఎండలో, ఇథనాల్ ఉన్న పెట్రోలుతో, ఇంజను ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాకుండా సతాయిస్తే కారణం తొట్టెలో పెట్రోలు మరిగిపోవడమే. ప్యాకింగుకు సిలికాన్ పేస్టు పూయకూడదు, పెట్రోలు తగిలి అది జిగురు ముద్దై ఊడి ఎక్కడికి పోకూడదో అక్కడికే పోతుంది. ప్యాకింగ్ పేపరు కోసుకోవడమే పద్ధతి.

తొట్టె నిటారుగా ఉండాలన్నది కూడా చూసుకోవాలి. కొన్ని పాత ఇంజన్లలో గాలి దారి బాగా వాలుగా ఉంటుంది, డయాఫ్రంకు అదొక లెక్క కాదు గానీ తొట్టెలో పెట్రోలు మట్టం తేడా వచ్చి జెట్టు ఒక పక్క బయటపడుతుంది. అడాప్టరులోనే కోణం సరిచేయించాలి.

యాక్సిలేటర్ గురించి ఒక్క మాట, కానీ ప్రాణాలకు సంబంధించిన మాట. పాత కార్బొరేటర్‌లో గుండ్రటి రేకు తిరుగుతుంది, మికునిలో స్లైడ్ పైకి లేస్తుంది. 24 కార్బొరేటర్ పూర్తిగా తెరుచుకోవాలంటే వైరు 24 మిల్లీమీటర్లు లాగాలి. పెడల్ అంత లాగకపోతే ఫుల్ రేస్ అని మనం అనుకునేది ముప్పావే, అంతకన్నా ఎక్కువ లాగితే పెడల్ బలమంతా వైరు మీద పడి అది తెగుతుంది లేదా చిక్కుకుంటుంది. పెడల్‌కు గట్టి ఆపుడు బోల్టు పెట్టాలి, పెడల్ దగ్గర ఇంకో స్ప్రింగు అదనంగా వేయాలి. స్లైడ్ తెరిచిన దగ్గరే ఇరుక్కుంటే క్లచ్చు లేని కార్ట్‌ను ఆపేది స్టీరింగు మీద ఇంజనును ఆపేసే కిల్ స్విచ్చు ఒక్కటే, అది లేకుండా బండిని తొయ్యనే కూడదు.

ఇక జెట్లు. మొదటి రోజు మెయిన్ జెట్ పెద్దదే వేయాలి, ఫుల్ రేస్‌లో ఇంజను గొణుగుతూ, పూర్తిగా విప్పుకోకుండా తిరిగేంత పెద్దది. అక్కడి నుంచి ఒక్కో మెట్టు దిగుతూ రావాలి, కింది నుంచి పైకి ఎప్పుడూ ఎక్కకూడదు, ఎందుకంటే తక్కువతో మొదలుపెట్టిన పరీక్ష ఒక్కోసారి ఒక్క రౌండుతోనే ముగుస్తుంది. నంబర్ల దగ్గర మోసపోకూడదు. మికుని జెట్టు మీది నంబరు అందులోంచి పోయే పెట్రోలును బట్టి ఉంటుంది, డెల్లోర్టో నంబరు రంధ్రం అడ్డకొలత, మిల్లీమీటరులో వందో వంతు లెక్కన. డెల్లోర్టోలో 100 నుంచి 110కి పోతే రంధ్రం వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, మికునిలో 100 నుంచి 110 అంటే పదో వంతే. ఎవరో ఇంటర్నెట్‌లో 115 వేశానన్నారని ఇక్కడా 115 వేస్తే అది ఏ 115 అన్నది ముందు తేల్చుకోవాలి. అంగళ్లలో దొరికే నకిలీ జెట్లయితే నంబరుకూ రంధ్రానికీ పొంతన ఉండదు. ఒకే అంగట్లో ఒకే కంపెనీవి వరసగా నాలుగైదు కొనుక్కోవడం మంచిది, తప్పైనా అన్నీ ఒకేలా తప్పుగా ఉంటాయి.

పాత పుస్తకాల్లో, పాత మెకానిక్కుల నోట్లో ఉన్న జెట్ నంబర్లన్నీ ఇథనాల్ లేని పెట్రోలువి. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం కలిసిన పెట్రోలుకు ఇది 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే గాలికి 7, 8 శాతం ఎక్కువ పెట్రోలు పోయాలి. 100 జెట్టుతో నడిచిన ఇంజనుకు ఇప్పుడు 107.5 కావాలన్నమాట, ఇది చిన్న తేడా ఏమీ కాదు.

ఆయిలు కూడా జెట్టింగే. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆర్‌ఎక్స్‌కు ఆయిలు పంపు విడిగా ఉంది, కార్ట్ ఇంజనుకు పెట్రోలులోనే కలపాలి. పాత ఇంజన్లకు 20కి 1, అంటే లీటరుకు 50 మిల్లీలీటర్లు, మామూలే. 50కి 1 నుంచి 20కి 1కి మార్చితే జెట్టుగుండా పోయే దానిలో పెట్రోలు వాటా దాదాపు 3 శాతం తగ్గుతుంది, చిక్కదనం పెరిగి ఇంకాస్త తగ్గుతుంది. ఇంజను మంచికోసమని ఆయిలు పెంచి, అదే చేత్తో మిశ్రమాన్ని పల్చబరుస్తున్నామన్నమాట. ఆయిలు ముందే ఖరారు చేసుకుని, మళ్లీ మార్చకుండా, అప్పుడు జెట్లు పట్టుకోవాలి. ఆముదం ఆయిలు ఇథనాల్‌లో బాగా కలుస్తుంది, వేడికి బాగా నిలబడుతుంది, రేసు ఇంజన్లకు పాత రోజుల్లో అదే వాడేవాళ్లు, నిజమే. అంతమాత్రాన గానుగలో పట్టించిన ఆముదం పోయకూడదు, శుద్ధి చేయని దానిలోని జిగురు రింగుల్ని పట్టేస్తుంది.

బెంగళూరు సముద్ర మట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం 335, కర్నూలు 273, కడప 138. బెంగళూరు ట్రాక్ మీద సెట్ చేసిన ఇంజను హైవే దిగి ఇక్కడికి వస్తే చిక్కటి గాలి దొరుకుతుంది, అంటే అదే జెట్టుకు పెట్రోలు చాలదు. లెక్క వేస్తే ఒక వింత బయటపడుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో కడప గాలి, 27 డిగ్రీల బెంగళూరు గాలికన్నా నాలుగైదు శాతమే చిక్కన, ఎందుకంటే ఎత్తు తగ్గి వచ్చిన లాభాన్ని వేడి మింగేస్తుంది. కార్బొరేటర్ మిశ్రమం మీద దాని ప్రభావం అందులో సగమే, 2 శాతం, పట్టించుకోకపోయినా నడుస్తుంది. డిసెంబరు పొద్దున 20 డిగ్రీల దగ్గర మాత్రం గాలి 12 శాతం చిక్కన, మిశ్రమం 6 శాతం పల్చన. అందరూ ఎండాకాలంలో పిస్టన్ పోతుందని టెన్షన్ పడతారు, పెట్రోలు చాలకపోవడం అనే ప్రమాదం నిజానికి చలికాలం పొద్దున్నే ఎక్కువ. ఎండలో గాలితో చల్లబడే ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది, అది వేరే సమస్య, అందుకని మే నెలలో మిశ్రమం కాస్త ఎక్కువనిపించినా జెట్టు దించకుండా వదిలేయడమే తెలివి. డిసెంబరుకు ఒక మెట్టు పెంచాలి.

ప్లగ్గు రంగు చూసి చెప్పడం పాత అలవాటు, ఇటుక రంగైతే బాగుంది, తెల్లబడితే తక్కువ, నల్లగా తడిగా ఉంటే ఎక్కువ అని. ఇథనాల్ పెట్రోలుతో ప్లగ్గు మామూలుగానే పాలిపోయి కనిపిస్తుంది, కాబట్టి అదొక్కటే నమ్ముకుంటే జెట్లు పెంచుతూనే పోతారు. కొత్త ప్లగ్గు వేసి, ఫుల్ రేస్‌లో ఒక పొడవైన దారి పోయి, అక్కడే కిల్ స్విచ్చు నొక్కి ఆపి, పింగాణీ లోపలి మొదట్లో ఉన్న రింగును చూడాలి, చివర రంగును కాదు. దాంతోపాటు హెడ్డు విప్పి పిస్టన్ తల చూస్తే ఇంకా నిజం తెలుస్తుంది: క్రాంక్ కేసు నుంచి మిశ్రమం సిలిండర్‌లోకి వచ్చే ట్రాన్స్‌ఫర్ దారుల పక్కన కడిగినట్టు మసి లేని చోట్లు కొంచెం ఉండాలి, అసలు లేకుండా మొత్తం పొడిగా ఉంటే మిశ్రమం తక్కువ.

ఈ మార్పుతో పోయేది ఒకటుంది, దానికి బదులు లేదు. క్లచ్చు లేని పాత డైరెక్ట్ డ్రైవ్ కార్ట్ రేసర్లు పొడవైన దారి చివర యాక్సిలేటర్ వదిలే ముందు ఒక క్షణం కార్బొరేటర్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టేవాళ్లు. గాలి ఆగి పెట్రోలు, దాంతోపాటు ఆయిలు ఎక్కువగా లోపలికి పోయి, వేడెక్కిన పిస్టన్ తడిసేది. యాక్సిలేటర్ మూసేసినా చక్రాలు ఇంజనును 10 వేలకు పైగా తిప్పుతూనే ఉంటాయి, ఆయిలు మాత్రం రాదు, పిస్టన్లు ఎక్కువగా పట్టేసేది ఆ క్షణంలోనే. మికుని మీద హెచ్ స్క్రూ లేదు, ఫిల్టరు ఉంటే చెయ్యి పెట్టడానికి మూతి కూడా దొరకదు. అందుకే మెయిన్ జెట్‌ను ఇంజను అత్యంత చురుగ్గా తిరిగే చోటు కన్నా ఒక మెట్టు పైనే వదిలేయాలి, క్లచ్చు లేని బండిలో యాక్సిలేటర్‌ను ఒక్కసారిగా కాకుండా మెల్లగా వదలాలి.

ఫిల్టరు తీసేసి నడిపితే చెయ్యి పెట్టొచ్చు కదా అనే వాదన ఒకటుంది. రేసు ట్రాక్ మీద, తారు మీద, చెల్లొచ్చు. ఎర్రమట్టి గ్రౌండులో, నాపరాళ్ల పొడి ఎగిరే చోట, ఒక్క సాయంత్రం చాలు సిలిండర్ గోడ మీద గీతలు పడటానికి. ఆయిలు పట్టించిన ఫోము ఫిల్టరు వేసుకుని, ఫిల్టరు ఉన్నప్పుడే జెట్లు పట్టుకోవాలి, ఎందుకంటే దాన్ని తీసినా, శుభ్రం చేసినా, మసి పట్టినా గాలి మారుతుంది, ఖరారైన జెట్టు ఇంకోసారి చూసుకోవలసి వస్తుంది.